పాశ్చాత్యనృత్యమున నాహార్యము: ‘టూటూ’ విచారము

భరతముని యభినయమును నాలుగు తెఱఁగులుగ విభజించి, యందు నాహార్యమునకు వేఱుగ నొక యధ్యాయమునే వినియోగించెను. ప్రయోగమంతయు నాహార్యమునందే నిలిచియున్నదని యాయన మతము. అయినను మన పండితులలో నాహార్యవిచారము మిక్కిలి యరుదు. రసధ్వనులను గుఱించి గ్రంథములు పుంఖానుపుంఖములుగ వెలువడుచున్నవి. నర్తకి కట్టిన వస్త్ర మేల యట్లు కట్టఁబడినదో యడుగువారు కానరారు. అది కుట్టుపనివారి ప్రశ్నము గాని శాస్త్రజ్ఞుల ప్రశ్నము గాదని తలంపు కాఁబోలు. ఈ యుపేక్ష యుక్తము గాదని చూపుటకై పాశ్చాత్యుల ‘బాలే’ నృత్యమునందలి ‘టూటూ’ యను పావడ నిందు విచారణకుఁ దీసికొనుచున్నాను. దాని చరిత్ర యించుమించుగ మూఁడువందల యేండ్ల పొడవున తేదీలతో సహా దొరకుచున్నది. మన నర్తకీవేషముల కట్టి యాధారపరంపర దుర్లభము. కనుక నాహార్యము మాఱు క్రమమును సూక్ష్మముగఁ బరీక్షింపఁ గోరువారి కిది మంచి యుదాహరణము.

దీనిపై రెండు మతములు ప్రబలియున్నవి. సిగ్గు సడలినకొలఁది పావడ కుఱుచయైనదనుట యొకటి. అది యర్థరహితమైన యలంకారమాత్రమనుట రెండవది. రెండును నిలువవని నా యభిప్రాయము. శబ్దములకు యోగమును రూఢియు నున్నట్లే వేషమునకును యోగరూఢు లున్నవి. ఏ ప్రయోజనముచేత నొక వస్త్రము పుట్టినదో యది యోగము. ఆ ప్రయోజనము మఱవఁబడిన పిమ్మటను సంప్రదాయబలమున నిలిచియున్నచో నది రూఢి. టూటూ చరిత్ర యీ రెంటి నడిమి పెనఁగులాట.

ముందుగ శబ్దమును జూతము. ఈ యర్థమున నీ పదము ఫ్రెంచిభాషయందు 1881 ప్రాంతమున గ్రంథస్థమైనట్లు నిఘంటువులవలనఁ దెలియుచున్నది. ఉచ్చారణ ‘ట్యూట్యూ’కు దగ్గఱ, ఇంగ్లీషుద్వారమున వచ్చుటచే మనకు ‘టూటూ’ యైనది. ‘ట్యూల్’ అను వలగుడ్డ పేరునుండి యిది పుట్టినదని కొంద ఱందురు. అది ధ్వనిసామ్యమాత్రమునఁ గలిగిన లోకవ్యుత్పత్తి. నిఘంటుకారులు సాధారణముగ నంగీకరించునది వేఱు. పిఱుఁదులకు ఫ్రెంచిలో ‘క్యూ’ యను గ్రామ్యపద మున్నది. దానిని బిడ్డలయొద్ద ద్విరుక్తముచేసి ‘క్యూక్యూ’ యని ముద్దుగఁ బలుకుదురు. అదియే తొక్కుపలుకున ‘ట్యూట్యూ’ యైనది. కవర్గము తవర్గప్రాయముగ మాఱుట శిశువుల నోట సర్వత్ర సహజము. ‘కాకి’ని ‘తాతి’ యనని పసివాఁడు మన యిండ్లలోను లేఁడు. ద్విరుక్తియు శిశుభాషకుఁ బ్రాణము.

గ్రామ్యమైన మూలమునుండి పుట్టిన పదమును సభలో నెట్లు వాడుదురని శంక కలుగవచ్చును. దీనికి వామనుఁ డెప్పుడో సమాధానము చెప్పియున్నాఁడు. అశ్లీలార్థము లోకవ్యవహారముచేఁ గప్పఁబడిపోయిన పదము సంవృతము; దాని కశ్లీలదోషము లేదు. ‘భగినీ’శబ్దమును వినునపుడు సోదరియే స్ఫురించును గాని యవయవము స్ఫురింపదుగదా. టూటూశబ్దమును నట్టిదే. నేఁడు తల్లులు తమ చిన్నికూఁతుల పుట్టినరోజునకుఁ గొను పావడకును నిదియే పేరు. యోగము రూఢిలో మునిఁగిపోవుట కింతకంటె స్పష్టమైన నిదర్శన మక్కఱలేదు.

ఇఁక వస్తువు. నేఁడు బళ్లెమువలె నడుముచుట్టును వెడల్పుగ నిలుచు పొట్టిపావడ యొక్క గుడ్డ కాదు. సన్నని వలగుడ్డను పదియో యంతకుమించియో పొరలుగఁ గత్తిరించి, పైపొర పొడవుగను గ్రిందిపొరలు క్రమముగఁ గుఱుచగను నుండునట్లు కుచ్చిళ్లు పెట్టి, యొక చిన్న చల్లడమునకుఁ గుట్టుదురు. పొరలు విడిపోకుండ నక్కడక్కడ వదులుకుట్లు వేయుదురు. నడిమి పొరలో సన్నని యుక్కుతీఁగచుట్టు నమర్చుటయుఁ గలదు. పైని రవిక వేఱు. నడుమునకుఁ బట్టెడ వేఱు. వాడనపుడు దానిని తలక్రిందులుగ వ్రేలఁదీయుదురు. లేనిచోఁ బొరలు వాలిపోవును. ధరించినవారికిఁ దమ పాదములు కనఁబడవు. అందుచే నభ్యాసమునందును పాతదైన యొక వలపావడను దొడుగుకొని పని నేర్చుకొనుట వాడుక. ఇట్టి దానిని సుఖార్థము గాని చలికిఁగాని యెవ్వరును ధరింపరు. అయినచో దీని ప్రయోజన మేమి? ఆ ప్రయోజన మొక్కనాఁడు గలిగినది గాదు.

ఫ్రాన్సునందు 14వ లూయీరాజు 1661లో నృత్యపరిషత్తును స్థాపించెను. వృత్తినర్తకులైన స్త్రీలు పారిస్ ఓపెరారంగము నెక్కినది 1681లో. అప్పటి వేషము రాజసభావేషమే. స్త్రీలకు నడుమున కిరుప్రక్కల బుట్టవంటి చట్రములపైఁ బఱచిన బరువైన పట్టుపావడ నేలదాఁక నుండెను. పురుషులకును తీఁగచట్రముపై నిలిచిన పొట్టిపావడ యుండెను. మీఁదుమిక్కిలి ముఖమున ముసుఁగు, తలపైఁ గృత్రిమకేశభారము. ఆ కాలపు నృత్యము ప్రభువులు నడచు తీరున కొక యుపబృంహణము కనుక నా వేష మప్పటికి యోగమునకే లోఁబడినది. పాదచలన మల్పము, గౌరవము ప్రధానము.

1726లో పారిస్‌నందు రంగప్రవేశము చేసిన మేరీ కమార్గో యనునామె పురుషులకే పరిమితమైయున్న గంతులను, గాలిలోఁ గాళ్లను తాడించి మార్చు విద్యను సాధించెను. ఆ విద్య పావడక్రింద జరిగినచో నెవరికిఁ గనఁబడును? అందుచే నామె పావడను చీలమండలకుఁ గొన్ని యంగుళములు పైకి నెత్తించెను. మడమయెత్తు పాదరక్షలను విడిచెనని కూడఁ జెప్పుదురు. అప్పు డేర్పడిన కలకలము నేఁటివారికి నవ్వు పుట్టించును. కాని యిచ్చట గ్రహింపవలసినది పావడయెత్తు గాదు, కారణక్రమము. ముందు పాదము మాఱినది, పిమ్మటఁ జెఱఁగు మాఱినది. క్రియ ముందు, కారకము దాని వెంట. సిగ్గును గుఱించిన మత మీ క్రమమును దలక్రిందులు చేయుచున్నది.

ఆ మతమును మఱింత గట్టిగఁ గొట్టివేయు సాక్షి కమార్గో సమకాలికురాలైన మేరీ సాలే. ఆమె 1734లో లండన్ నగరమున ‘పిగ్మాలియన్’ నృత్యమున బుట్టచట్రమును బొత్తుగ విడిచి, గ్రీకుప్రతిమవలె నొడలి కంటి వ్రేలు పలుచని మస్లినువస్త్రముతో, తలవెండ్రుకలు విరియఁబోసికొని యాడెను. ప్రతిమ ప్రాణము దాల్చి మనిషి యగుట కథ. ప్రతిమకు బుట్టచట్ర మెక్కడిది? సాలే పావడను కుఱుచచేయలేదు, పాత్రోచితము చేసినది. కమార్గో చెఱఁగు పాదమును జూపుటకు మాఱినది. సాలే వస్త్రము భావమును జూపుటకు మాఱినది. వోల్టేరు వీరిద్దఱిని బోల్చి పద్యము చెప్పెను. తరువాతి చరిత్రకారులు కమార్గోను స్మరించినంతగా సాలేను స్మరింపకుండుట నాకుఁ బక్షపాతముగఁ దోఁచును. 1760లో నొవేర్ అను నాట్యాచార్యుఁడు తన లేఖాగ్రంథమున ముసుఁగులను, చట్రములను విడువుఁడని వాదించినపుడు సాలే చేసి చూపినదానికే లక్షణము వ్రాసెను. లక్ష్యము ముందు, లక్షణము వెనుక.

ఫ్రెంచివిప్లవముతరువాత వచ్చిన పలుచని గ్రీకుతీరు వస్త్రములను, కాళ్ల కంటుకొనియుండు బిగిమేజోళ్లను నిచ్చట నామమాత్రముగఁ బేర్కొని ముందునకుఁ బోవుదము. ప్రధానమైన తేదీ 1832 మార్చి 12. ఆనాఁడు పారిస్ ఓపెరాలో ‘లా సిల్ఫీద్’ ప్రదర్శింపఁబడినది. తండ్రి ఫిలిప్పో టల్యోనీ కూర్చెను. కూఁతురు మేరీ టల్యోనీ యాడెను. సిల్ఫీద్ అనఁగా గాలిలోఁ జరించు నొక విధమైన యప్సరస. మనుష్యుఁడు పట్టుకొనఁబోవఁగా నశించిపోవును. ఆమె కమర్చిన వేషము తెల్లని పలుచని పావడ. గంట యాకృతిలో మోకాలికిని చీలమండకును నడుమవఱకు వ్రేలునది. వీపున చిన్న ఱెక్కలు. ఈ వేషమును యూజేన్ లామీ యను చిత్రకారుఁడు కల్పించెనని సంప్రదాయము.

ఇందు మూఁడు సాధనములు కలసివచ్చినవి. టల్యోనీ మునివ్రేళ్లపై నిలిచెను. అది యంతకుముం దున్నను శ్రమతోఁ జూపు విద్యగ నుండఁగా నామె దానిని శ్రమ కనఁబడని తేలికగ మార్చెను. భూమిని దాఁకని స్త్రీ యను నర్థమున కది వాచకము. రెండవది వస్త్రము. గాలి నిముడ్చుకొను పొరలు గంతు ముగిసినపిమ్మటను క్షణము సేపు తేలుచుండును. దేహము దిగినను వస్త్రమింకను దిగదు. మూఁడవది వెలుఁగు. పారిస్ ఓపెరాలో గ్యాసుదీపములు 1822లో వచ్చినవి. 1831లో ‘రాబర్ట్ లె డయాబ్ల్’ గీతనాటకమున మృతసన్న్యాసినులు వెన్నెలలో లేచి యాడు ఘట్ట మా వెలుఁగుతోనే సిద్ధించెను. ఆ నీలికాంతిలోఁ దెల్లనిగుడ్డ పొగవలెఁ గనఁబడును. అశరీరిణిని శరీరముతోఁ జూపుట యను నసాధ్యమును పాదము, గుడ్డ, దీపము కలసి సాధించినవి. ఇది సంపూర్ణమైన యోగము. 1841లో వచ్చిన ‘జిజేల్’ రెండవయంకమున పెండ్లికి ముందే మరణించిన కన్యల ప్రేతములకును నిదే వేషము. అందు నవ్వస్త్ర మొకేసారి పెండ్లిబట్టయు, శవాచ్ఛాదనమును నగుచున్నది. ఇట్టి శ్లేష కావ్యమున దొరకినచో మన మెంత పొగడుదుము!

అయితే యీ యందమున కొక వెల యుండెను. పొరలనడుమ గాలిగల సన్ననిగుడ్డకు నిప్పు సోఁకినచో నార్పుట దుస్సాధ్యము. రంగము చుట్టును గ్యాసుజ్వాలలు తెఱచియుండెను. 1844లో లండన్‌నందు క్లారా వెబ్‌స్టర్ రంగముమీఁదనే పావడ కంటుకొని మరణించెను. ఇట్టివి మఱికొన్ని జరుగఁగా ఫ్రాన్సున 1859లో నొక రాజశాసనము పుట్టినది. రంగవస్తువులును వస్త్రములును కార్తెరోన్ అనువాఁడు కనిపెట్టిన ద్రవమున ముంచి నిప్పంటకుండునట్లు చేయవలెనని దాని సారము. చిక్కేమనఁగా, ఆ ద్రవమున ముంచిన గుడ్డ బిఱుసెక్కి మాసినరంగు దాల్చును, తేలదు, మెఱయదు.

ఎమ్మా లీవ్రీ టల్యోనీచే స్వయముగ శిక్షింపఁబడిన శిష్యురాలు. 1858లో పదునాఱేండ్ల ప్రాయమున గురువుయొక్క ‘సిల్ఫీద్’ పాత్రతోనే రంగమెక్కినది. 1860లో టల్యోనీ యామెకొఱకే ‘లె పపియోం’ అనఁగా సీతాకోకచిలుక యను నృత్యమును గూర్చెను. అందు నాయిక ఱెక్కలు దివిటీమంటకుఁ గాలిపోవును. లీవ్రీ కార్తెరోన్ ద్రవమున ముంచిన పావడను నిరాకరించి, మామూలుపావడనే ధరింతును, బాధ్యత నాదే యని యధికారులకు వ్రాసియిచ్చెను. 1862 నవంబరు 15న మఱియొక గీతనాటకపు టభ్యాసమున తన వంతునకై వేచియుండఁగా గ్యాసుజ్వాల పావడ కంటెను. ఎనిమిదినెలలు యాతనపడి 1863 జూలై 26న మరణించెను. కాలిన యా వేషపు శేషము పారిస్ ఓపెరా ప్రదర్శనశాలలో భద్రపఱుపఁబడియున్నది.

ఈ వృత్తాంతమును వ్రాయువారు సాధారణముగ లీవ్రీ మొండితనమును నిందింతురు, లేదా కళార్థము ప్రాణమిచ్చినదని కొనియాడుదురు. రెండును సరికావు. ఇరువదేండ్ల నర్తకి తేలని పావడతో నాడినచో నాఁటి సభ యామెను మెచ్చునా? మెచ్చదు. ఆ యభిరుచిని నేర్పినవారెవరు? ముప్పది యేండ్లుగ నా తేలికను వర్ణించి వర్ణించి, దానిని తప్ప మఱియొకదానిని జూడనొల్లని విమర్శకులు. తేలిక యను గుణమునే నృత్యసర్వస్వముగఁ జేసినప్పుడు దానికి భంగము కలిగించు రక్షణోపాయము నర్తకికి శత్రువువలెఁ దోఁచుట సహజము. ఆమె సంతకము చేసిన కాగితమున విమర్శకుల వంతును గలదని నేనందును.

తరువాతి కథకు రంగస్థలము రష్యా. మిలాన్‌లో శిక్షణ పొందిన యిటలీనర్తకులు సెయింట్ పీటర్స్‌బర్గునకు వచ్చిరి. 1885లో వచ్చిన వర్జీనియా జుక్కీ యచ్చటి పొడుగుపావడ నొల్లక కుఱుచదానినే ధరించెనని ప్రసిద్ధి. పియెరీనా లెన్యానీ 1893లోను, మఱల 1895లో ‘హంససరస్సు’ నందును, ఒంటికాలిపై నిలిచి రెండవకాలిని కొరడావలె విసరుచు 32 చుట్లు తిరిగెను. ఇట్టి విద్యకు మోకాలును దొడయుఁ గనఁబడవలెను. పావడ మోకాలిపైకి నెక్కి, అడ్డముగ విప్పుకొనుట కారంభించెను. కమార్గోనాఁటి క్రమమే మఱల జరిగినది. అయితే నీమాఱొక భేద మున్నది. తేలుచు నశించు ప్రేతకు వాచకమైన తెల్లనివస్త్రము, పరాక్రమము చూపు నర్తకికిఁ బరికరమైనది. అర్థము పోయినది, ఆకారము నిలిచినది. యోగము రూఢి యైనది.

రూఢిబల మెంతదో చూపుటకు మనదేశపు కథయే యుదాహరణము. 1838లో పుదుచ్చేరికిఁ జేరువనున్న తిరువేందిపురమునుండి కొందఱు దేవదాసీలు, వాద్యగాండ్రు పారిస్‌నగరమునకుఁ గొనిపోఁబడిరి. వారిలో నమ్మణి యనునామె నృత్యమును జూచి ‘జిజేల్’ కథాకర్తలలో నొకఁడైన గోతియే విశేషముగఁ బ్రశంసించెను; బార్ అను శిల్పి యామె కంచుప్రతిమను పోఁతపోసెను. గోతియే తరువాత కాళిదాసు శాకుంతలమును బాలేకథగ వ్రాయఁగా 1858లో నది పారిస్ ఓపెరాలో లూసియన్ పెతిపా కూర్పున నాడఁబడినది. లూసియన్ సోదరుఁడు మారియస్ పెతిపా 1877లో పీటర్స్‌బర్గున ‘లా బయదేర్’ను గూర్చెను. బయదేర్ అనఁగా దేవదాసి. నర్తకికిఁ బేరైన పోర్చుగీసు పదమునకు ఫ్రెంచి తద్భవము. నికియా యను దేవదాసి పాముకాటున మరణించును. ఆమె ప్రియుఁడు నల్లమందు మైకమున నామెను ఛాయాలోకమునఁ జూచును. హిమవచ్ఛిఖరముల వాలుదారివెంట నొకరివెనుక నొకరుగ ఛాయలు దిగివచ్చును. అందఱును నొకే యడుగు, నొకే వంపు. ఆ ఛాయలన్నియు ధరించునది తెల్లని టూటూ!

దీనిని జూచి నవ్వుటకు మనకు హక్కున్నది. దేవదాసి ప్రేతమునకు వలపావడ యేమి? అమ్మణివేషమును గన్నులారఁ జూచిన జాతియేకదా? కాని నవ్వు ముగిసినపిమ్మట విచారింపఁగా, ఆ ఘట్టము బాలేలో నత్యుత్తమములలో నొకటి. అది లోకధర్మి గాదు, నాట్యధర్మి. మన రంగమునందును రథము లేకయే రథగమనమును జూపుదురు గదా. పెతిపాకు టూటూ యనఁగా దేశవేషము కాదు. ‘ఇది దేహము గాదు, ఛాయ’ యని చెప్పు ప్రత్యయము. ప్రకృతి యేదైనను దానిపై నదే ప్రత్యయము వచ్చును. ఇచ్చట 1832నాఁటి యర్థము రూఢిలోనుండియే తిరిగి మేల్కొన్నది. అదే పెతిపా యితరఘట్టములలో నీ ప్రత్యయమును విచక్షణ లేక సర్వత్ర చేర్చెను. ఈజిప్టురాచకన్యకైనను స్పెయిన్‌పల్లెపడుచుకైనను నదే పావడ. అది దోషమే.

ఈ దోషముపైఁ దిరుగుబాటు చేసినవాఁడు మిఖాయిల్ ఫోకిన్. 1914లో లండన్ ‘టైమ్స్’ పత్రికకు వ్రాసిన లేఖలో, రూపము ప్రతివస్తువునకును దానికిఁ దగినట్లుగఁ గొత్తగ నిర్మింపఁబడవలెను గాని సిద్ధముగనున్న యడుగులను బేర్చుట నృత్యరచన గాదని సిద్ధాంతీకరించెను. వేషవిషయమునను నిదే యాయన మార్గము. 1907లో ‘యునిస్’ను గూర్చినపుడు వట్టికాళ్ల కనుమతి లేకపోఁగా బిగిమేజోళ్లమీఁదనే కాలివ్రేళ్లను చిత్రింపించెను. 1910 ‘షెహరాజాద్’లో బాక్స్ట్ కల్పించిన వదులుషరాయిలు పారిస్ స్త్రీల వేషమునే మార్చివేసినవి. ఇది యోగవాదుల విజయము. పురుషవేషమునను నీ కలత యుండెను; 1911లో నిజిన్‌స్కీ ‘జిజేల్’లో పైచల్లడము లేక బిగిమేజోళ్లతో మాత్రమే యాడినందునఁ గొలువునుండి తొలఁగింపఁబడెను.

కాని ఫోకిన్ రచనలలో నేఁటికిని మిక్కిలి తఱచుగ నాడఁబడునవి యేవి? ఒకటి ‘లె సిల్ఫీద్’. 1909లో పారిస్‌లోఁ బ్రదర్శింపఁబడినది. అందఱికిని టల్యోనీనాఁటి పొడుగుపావడలే. రెండవది యన్నా పావ్‌లోవాకొఱకుఁ గూర్చిన ‘మరణించు హంస’. అందుఁ గుఱుచ టూటూయే, ప్రక్కల నీఁకెలతో. రూఢిని ఖండించినవాఁడే రెండు రూఢులను వాడి, రెంటికిని యోగము తిరిగి కల్పించెను. ఆ టూటూ పావడ గాదు, ముడుచుకొనుచున్న ఱెక్క. యోగముకంటె రూఢి బలీయమను న్యాయమును మనవారు శబ్దవిషయమునఁ జెప్పిరి. రంగమున దానికొక యనుబంధము చేర్పవలెను. సమర్థుఁడైన ప్రయోక్త చేతిలో రూఢిశబ్దము కూడ యౌగికమై పలుకును. ఆర్షప్రయోగమును సందర్భమెఱిఁగి వాడిన కవివలె ఫోకిన్ పొడుగుపావడను వాడెను. నేఁటికిని బాలేలో పొడుగుది, కుఱుచది రెండును బ్రక్కప్రక్కనే జీవించుచున్నవి. ప్రేతకుఁ బొడుగుది, రాచకన్యకుఁ గుఱుచది. చెఱఁగు క్రమముగఁ బైకెక్కినదను కథ యిచ్చటను జెల్లదు. పాత రూపము చావక వేఱర్థముతో నిలిచినది.

అమెరికాలో బాలన్షీన్ మఱియొక దారి పట్టెను. ఆయన సహచరియైన కరీన్‌స్కా 1950లో తీఁగచుట్టు లేని, కుఱుచపొరల మృదువైన టూటూను గల్పించెను. పొడరుకుంచెవలె నుండుటచే దానికా పేరే వచ్చినది. పెక్కుమంది నర్తకులు దగ్గఱగ నిలిచినను నొకరి బళ్లెము మఱియొకరికిఁ దగులదు. ఇది మంచి శిల్పము. అంతకంటె నాశ్చర్యకరమైనది, వేషమునే తీసివేయుట. 1946లో ‘నాలుగు ప్రకృతులు’ అను నృత్యమున చిత్రకారుఁడు సెలిగ్‌మన్ కల్పించిన బరువువేషములు నృత్యమును గప్పివేయఁగా, 1951నుండి దానిని నలుపుతెలుపుల యభ్యాసవస్త్రములతోనే యాడించెను. వైయాకరణుల కిది క్విప్‌ప్రత్యయమువలె నున్నది. ప్రత్యయము సర్వాపహారియై లోపించినను దాని కార్యము నిలుచును. వలపావడ లేకున్నను నర్తకి చేతులు దేహమునకు దూరముగ గుండ్రముగ నిలుచును. పురుషుఁ డామె కెడముగనే నిలిచి యూఁతయిచ్చును. అదృశ్యమైన టూటూ యచ్చట నున్నట్లే.

మన దేశమున కీ చరిత్రతో నేరుగ నొక సంబంధ మున్నది. రుక్మిణీదేవి పావ్‌లోవా పరిచయమున బాలేను గొంత యభ్యసించి, పిమ్మట భరతనాట్యమును నేర్చి 1935లో నడయాఱున నాడెను. 1936లో కళాక్షేత్రమును స్థాపించెను. అంతకుముందు షరాయిపైఁ జీర చుట్టి యాడు తీరుండఁగా, ఆమె పట్టుచీరనే కత్తిరించి కుట్టించి, దేవాలయశిల్పములను జూచి కొత్తవేషమును గూర్చెను. కాళ్లనడుమ విసనకఱ్ఱవలె విచ్చుకొను కుచ్చిళ్లు నేఁడు కూచిపూడివేషమునను సర్వసాధారణము. ఇవి టూటూకు ననుకరణములు గావు. కాని ధర్మ మొకటే. నర్తకి మోకాళ్లు విచ్చి యర్ధమండలిలోఁ గూర్చున్నపుడే కుచ్చిళ్లు విచ్చుకొనును, లేచినపుడు ముడుచుకొనును. క్రియయే వస్త్రమును జూపును. ఇది యనాదివేషమని మన విద్యార్థులకుఁ జెప్పుచుండుట సరికాదు; తొంబదియేండ్ల వయసు గలది.

చివర నొక్క విషయము. టూటూక్రింద ధరించు బిగిమేజోళ్లును, పాదరక్షలును లేఁతగులాబివన్నెవి. ఆ వన్నెకు మూలప్రయోజనము చర్మమువలెఁ దోఁచుట. వట్టికాలివలెఁ గనఁబడి రేఖ తెగకుండుట. ఎవరి చర్మము? ఐరోపావారిది. నల్లనినర్తకి దానిని ధరించినచో రేఖ నడుమునొద్దనే తెగును. యోగము చెడి రూఢి మాత్రము మిగులుట కిది నిష్కృష్టమైన తార్కాణము. ఇచ్చట రూఢి బలీయమని యూరకుండుట కుదరదు. ఏలయనఁగా నా రూఢి ‘నీ దేహము బాలేకుఁ దగదు’ అని పలుకుచున్నది. ఈ విషయమున భరతుఁడు విశాలదృష్టి గలవాఁడు. ఆహార్యమున నాలవభేదములలో నొకటైన యంగరచనను వివరించుచు, దేశభేదమునుబట్టి వర్ణభేదమును విధించెను. ఆంధ్రులను, ద్రమిళులను, దాక్షిణాత్యులను బ్రాయికముగ నసితవర్ణులుగఁ జూపవలెనని స్పష్టముగఁ జెప్పెను. రంగమునకు ననేకవర్ణము లుండునని యాయన యెఱుఁగును.

బాలన్షీన్ ‘అగోన్’ (1957)లో నల్లవాఁడైన ఆర్థర్ మిచెల్, తెల్లనిదైన డయానా ఆడమ్స్ అభ్యాసవస్త్రములతో జంటగ నాడినపుడు, వేషము లోపించినచోటఁ జర్మవర్ణములే యాహార్యమైనవి. ఆ మిచెల్ 1969లో హార్లెమ్ నృత్యశాలను స్థాపించెను. 1974నుండి యచ్చటి నర్తకులు గులాబివన్నెను విడిచి, తమతమ మేనిచాయ కనుగుణముగ రంగువేసిన మేజోళ్లను, పాదరక్షలను ధరించుచున్నారు. టూటూ మాత్రము తెల్లనిదే. లండన్‌లోని ఫ్రీడ్ కంపెనీ గోధుమ, కంచువన్నెల మునివ్రేళ్ల పాదరక్షలను తయారుచేయ మొదలుపెట్టినది 2018లో. అంతవఱకు నల్లనినర్తకులు ప్రతి క్రొత్తజతను ముఖలేపనముతోఁ దామే పూసికొనుచుండిరి.